కుక్కల ఉరఃకుహరమున చీము: గుర్తింపును చికిత్సయును (స్మారకోపన్యాసము)



ఈ యుపన్యాసనిధిని నెలకొల్పినవారు రెండు నియమములు విధించిరి. ఎవరి స్మృత్యర్థము ఈ నిధి యేర్పడినదో ఆ పశువైద్యుని పేరు నెత్తి గుణకీర్తనముతో సభాకాలమును గడపరాదనునది మొదటిది. చికిత్సకు లొంగునదియై యుండియు గుర్తింపబడకపోవుటచేతనే ప్రాణములు తీయుచున్న యొక రోగమును గూర్చి ఉపన్యాసకుడు మాటలాడవలెననునది రెండవది. మొదటి నియమమును మన్నించుచు ఒక్క వాక్యము మాత్రము చెప్పెదను: ఎద్దునకును గొఱ్ఱెకును వైద్యము చేయించుట లాభమనియు, కుక్కకు చేయించుట వ్యర్థవ్యయమనియు ఎల్లరును తలచుచుండిన దినములలో, మందను కాచు కుక్క మంద విలువలో భాగమని వాదించి, ఆ వాదమును తన చేతిపనిచే నిలబెట్టినవా డాయన. రెండవ నియమమునకు లోబడి నేడు నేను ఎన్నుకొన్న విషయము కుక్కల ఉరఃకుహరమున చీము చేరుట. దీనిని వైద్యులు పయోథోరాక్స్ అందురు. మనుష్యులయందు ఇట్టి వ్యాధియే ఎంపయీమా.

నేను చెప్పదలచిన దంతయు క్లుప్తముగా నిది. ఈ రోగమున మందుకంటె ముందు మార్గము కావలెను. చీము వెడలుటకు దారి కల్పింపక యెంత మందు పోసినను ఫలము స్వల్పము. ఆ దారిని సకాలమున కల్పించుటకు ఆరంభమున కావలసినది పెద్ద యంత్రము కాదు. ఊపిరిని లెక్కించు కన్నును, రొమ్మును తట్టు వ్రేలును, ఆలకించు చెవియును, వెనుదీయక సూది వేయు చేయియును. ఈ నాలుగును కరవుసీమలో సైతము దొరకును గనుకనే, ఈ విషయమును ఇచ్చట చర్చించుట సార్థకమని నా నమ్మకము.

అనంతపురసీమ పడమటి కనుమల వర్షచ్ఛాయలో పడియున్న యెఱ్ఱని గరుసునేల. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము కురియును. అదియు పైరునకు కావలసినప్పుడే కురియునను నమ్మకము లేదు. పెన్న, చిత్రావతి, హగరి యను నదుల పేళ్లు పటమునందు నిండుగా కనిపించినను, ఏడాదిలో పెక్కు నెలలు వాని గర్భములు ఇసుకతోనే నిండియుండును. 2022 ఏప్రిలు నెలలో పూర్వపు జిల్లా రెండై, పుట్టపర్తి ముఖ్యపట్టణముగా శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడినది గాని, కల్యాణదుర్గమునందైనను మడకశిరయందైనను బ్రతుకుతెరువు ఒక్కటియే. వేరుసెనగ యెండిపోయిన యేట సంసారమును నిలబెట్టునది గొఱ్ఱె. రాత్రివేళ తోడేలు వచ్చినప్పుడు ఆ గొఱ్ఱెను నిలబెట్టునది కుక్క. వేరుసెనగ పండిన యేట సైతము, అడవిపందుల గుంపు చేనిపై పడకుండ కాపాడునది కుక్కయే. మైలారలింగని కొలుచు గొరవయ్యలు తమ్ము తాము ఆ దేవుని కుక్కలుగా భావించుకొనుట ఈ ప్రాంతపు పశుపాలకులకు వింత గాదు. ఇంత గౌరవము ఆచారమునందున్నను, ఆ కుక్క తిండి మాని, డొక్కలెగరవేయుచు, గుడిసె నీడను రాత్రియెల్ల కూర్చున్నప్పుడు దానిని వైద్యునికడకు తీసికొనిపోవువారు అరుదు. దిష్టి తగిలినదనియో, విషము తిన్నదనియో, ముసలితన మనియో అనుకొందురు. అది నాలుగేండ్ల పడుచు కుక్కయై యున్నను అట్లే అనుకొందురు.

రోగస్థానమును ముందు స్పష్టపరచుకొందము. ఊపిరితిత్తులపై నొక పలుచని పొరయు, రొమ్ముగోడ లోపలి ప్రక్క మఱియొక పొరయు నుండును. ఈ రెండు పొరల నడుమ నుండవలసినది ఒరిపిడి లేకుండ జేయు కొద్దిపాటి ద్రవము మాత్రమే. అచ్చట బయటిగాలి కంటె తక్కువ పీడన ముండుటచేతనే రొమ్ము విచ్చుకొన్నప్పుడు ఊపిరితిత్తులును విచ్చుకొనును. ఆ యిరుకుచోట సూక్ష్మజీవులు చేరి, వానిని ఎదుర్కొనుటకు తెల్లకణములు చేరి, అవి చచ్చి చీమై కూడినచో, ఆ చీము పల్లమునకు దిగి క్రిందిభాగమున నిలుచును. ఊపిరితిత్తులు పైకి ముడుచుకొనును. కుక్కలయందు రొమ్మును కుడియెడమలుగా విభజించు నడిమి పొర మిక్కిలి పలుచనిది. అందుచే పెక్కు సందర్భములలో చీము రెండు ప్రక్కలను చేరును. మూతవడిన యా గదిలోనికి రక్తమునుండి మందు చాలినంతగా చొరదు. చొరిన కొంచెమును ఆమ్లగుణము గల చీములో బలము కోల్పోవును. మందుకంటె ముందు మార్గమని నేననుటకు మూలము ఈ శారీరసత్యమే.

ఇక ఆ సూక్ష్మజీవులు అచ్చటి కెట్లు చేరును? ఈ సీమయందు నాలుగు త్రోవలు ముఖ్యములని చెప్పవచ్చును.

మొదటి త్రోవ గడ్డిముల్లు. వానలు వెనుకబట్టిన పిమ్మట కొండవాలులలోను బంజరులలోను పండి యెండు గడ్డులలో కొన్నింటి గింజలకు మొనదేలిన కొనయు, వెనుకకు మరలనీయని సన్నని నూగును, పొడవైన మెలిదిరిగిన తోకయు నుండును. హెటెరోపోగాన్ కంటార్టస్ అని శాస్త్రజ్ఞులు పిలుచు ముల్లుగడ్డి వీనిలో ప్రధానము. పంచెలకును గొంగళ్లకును గ్రుచ్చుకొని బాధించు నీ ముల్లును ఎరుగని కాపరి లేడు. దాని తోక తడి తగిలినప్పుడు మెలివీడును, ఎండినప్పుడు మఱల మెలిబడును. ఆ చలనముచే గింజ నేలలో తన్ను తాను పాతుకొనును. ప్రకృతి విత్తనమునకిచ్చిన యీ నేర్పే జంతుదేహమున ప్రమాదమగును. కుందేలు వెంటనో పంది వెంటనో నోరు తెఱచి పొదలలో పరుగెత్తు కుక్క అట్టి ముల్లును పీల్చినచో, అది శ్వాసనాళపు కొమ్మలలోనికి దిగి, వెనుకకు రాలేక ముందునకే నడచి, ఊపిరితిత్తిని తొలిచి పొరల నడిమికి చేరును. ఒక్కొక్కప్పుడు అచ్చటను ఆగక నడుమువద్ద గడ్డయై తేలును. పోవుచు పోవుచు అది కుక్కనోటియందు సహజముగా నుండు ఆక్టినోమైసిస్ వంటి సూక్ష్మజీవులను వెంట తీసికొనిపోవును. కాలిఫోర్నియాలోని వేటకుక్కలలో ఫాక్స్‌టెయిల్ అను గడ్డివలన కలుగు నీ రోగమును గూర్చి పాశ్చాత్య పశువైద్యులు విరివిగా వ్రాసియున్నారు. ముల్లు లోనికి పోయిన దినమునకును రోగము బయటపడు దినమునకును నడుమ వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు గడచును. కావున కార్తిక మార్గశిరములలో పీల్చిన ముల్లు శివరాత్రినాటికి ఆయాసమై కనిపించినచో, ఆ రెంటిని ముడివేసి చూచు జ్ఞానము వైద్యునకుండవలెను.

రెండవ త్రోవ గాయము. తోడేలు కోర, అడవిపంది దంతము, తోటికుక్క కాటు రొమ్ముగోడను ఛేదించినప్పుడు, పైచర్మమున చిన్న రంధ్రమే కనిపించినను, లోపల కండరములు చినిగి యుండవచ్చును. కుక్కచర్మము వదులుగా నుండుటచే, అది జరిగి తన స్థానమునకు వచ్చి లోపలి గాయమును కప్పిపుచ్చును. పసుపు అద్ది విడిచిన యట్టి రంధ్రమునుండి పాశ్చురెల్లా మొదలగు నోటిజీవులు లోపల వృద్ధిపొందును. పైగాయము మానిన పిమ్మట లోగాయము చీముబట్టును. ఇచ్చట మఱియొక హెచ్చరిక తప్పదు. అడవిజంతువుగాని, ఊరకుక్కగాని కరచిన ప్రతి కుక్కకును ముందుగా తలపవలసినది రేబిస్. గాయమును సబ్బునీటితో బాగుగా కడిగి, టీకాకై ఆ దినముననే వైద్యుని ఆశ్రయించుట యజమానికిని రక్షయే.

మూడవ త్రోవ ఎముక. ఉడికిన కోడియెముకయు, మాంసపుకొట్టు ముందర దొరకిన పదునైన తునకయు అన్నవాహికలో మూడు ఇరుకుచోట్ల చిక్కుకొనును: రొమ్ము ముఖద్వారమున, గుండె మొదట, ఉదరవితానమునకు కొంచెము పైన. చిక్కిన యెముక అన్నవాహికకు చిల్లువేసినచో నోటిలోని సకలజీవులును లోపలికి దిగును. తిన్నదానిని తిన్నట్లే వెడలగ్రక్కుట, చొంగ కార్చుట, మింగునప్పుడు మెడ చాచుట దీనికి ముందు సూచనలు.

నాలుగవ త్రోవ పురుగు. స్పైరోసెర్కా లూపై అను నెఱ్ఱని పురుగు, పేడపురుగులను తినిన కుక్కలకును, అట్టి పేడపురుగులను తినిన బల్లులను, ఎలుకలను, కోళ్లను తినిన కుక్కలకును సంక్రమించును. దాని పిల్లలు జీర్ణాశయపుగోడనుండి రక్తనాళముల వెంబడి మహాధమనికి చేరి, కొన్ని నెలలచ్చట నివసించి, తరువాత అన్నవాహికకు వచ్చి గడ్డలు కట్టును. ఆ గడ్డలు చినిగిన నాడు రొమ్ములో చీము. మహాధమని చినిగిన నాడు లోరక్తస్రావమును ఆకస్మిక మరణమును. పేడదిబ్బ లేని పల్లె లేదు గనుక మనదేశమునందలి వీథికుక్కలలో నీ పురుగు సామాన్యము.

ఈ నాలుగును గాక, న్యుమోనియా ముదిరి పొరలకు వ్యాపించుట, దేహమున మఱియొకచోటి చీము రక్తముద్వారా వచ్చుట, మట్టిలోని నోకార్డియా అను జీవి చేరుటయు కలవు. 1888లో ఎడ్మండ్ నోకార్డ్ అను ఫ్రెంచి పశువైద్యుడు పశువుల వ్రణములలో కనుగొనిన జీవజాతికి ఆయన పేరే నిలిచినది. ఇంటిలో క్షయరోగి యున్నచో, అతనివద్ద పండుకొను కుక్కకు ఆ రోగము సోకి రొమ్మున ద్రవము చేరుటయు కలదు; కావున ఆ ప్రశ్నను మర్యాదగా నైనను తప్పక అడుగవలెను.

గుర్తింపు విషయమునకు వత్తము. ఈ రోగము చప్పుడు చేయక వచ్చును. దగ్గు ప్రధానలక్షణము కాదు. మొదట కుక్క మందతో నడచుటలో వెనుకబడును, పిమ్మట సంగటిముద్దను సగము విడుచును, నడుము సన్నబడును, వెండ్రుకల నిగ్గు తగ్గును. జ్వరము వచ్చి పోవుచుండును. కుక్కకు సహజోష్ణత 101 మొదలు 102.5 ఫారన్‌హీట్ డిగ్రీల వరకు గనుక, చేతికి వెచ్చగా తగిలినంతమాత్రమున జ్వరమనరాదు. రోగము ముదిరినప్పుడు జ్వరము లేకపోవుటయు కలదు. కాబట్టి జ్వరముకంటె నమ్మదగిన సాక్షి ఊపిరి.

ఆరోగ్యముగల కుక్క విశ్రాంతిగా నున్నప్పుడు నిమిషమునకు 10 మొదలు 30 సారులు ఊపిరి తీయును. అనంతపుర వేసవిలో నీ లెక్క తీయుటకు వేళ యెంచుకొనవలెను. మిట్టమధ్యాహ్నమున 40 సెంటిగ్రేడు డిగ్రీలు దాటిన యెండలో నోరు తెఱచి నాలుక వ్రేలాడవేసి నిమిషమునకు 200 సారులు రొప్పు కుక్క రోగి కాదు. అది తన దేహతాపమును వెడలించుకొనుచున్నది. తెల్లవారుజామున, చల్లని వేళ, నిద్రించుచున్న కుక్క డొక్క యెన్ని మారులు లేచిపడెనో అర నిమిషము లెక్కించి రెట్టింపు చేయుడు. వరుసగా రెండుమూడు దినములు ఆ లెక్క 30 దాటినచో వైద్యునకు చూపవలసినదే. గడియారము గల సెల్‌ఫోను నేడు ప్రతి కాపరి చేతిలోను ఉన్నది. ఈ పరీక్షకు అంతకంటె వేఱు సాధనము అక్కరలేదు.

ఊపిరి లెక్కతోపాటు దాని తీరును చూడవలెను. రొమ్మున చీము గల కుక్క పొట్టిపొట్టి ఊపిరులు వేగముగా తీయును, ప్రక్కకు పండుకొనదు, ముందుకాళ్ల మోచేతులు వెడలుపుగా బెట్టి, మెడ చాచి, కూర్చుండియే రాత్రి గడపును, పొట్టకండరములతో గాలిని తోడును. దీనినే మనవారు డొక్కలెగరవేయుట యందురు. చిగుళ్లు నీలిబారినచో ఆలస్యమైనదని యర్థము. అప్పటికిని ఆశ విడువరాదు.

వైద్యుడు చేయవలసిన ప్రథమపరీక్షకు రెండున్నర శతాబ్దముల చరిత్ర గలదు. ఆస్ట్రియాలోని గ్రాట్జ్ నగరమున పూటకూళ్లవాని కుమారుడైన లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్, పీపాలను తట్టి వానిలో ద్రాక్షసారా యెంతవరకున్నదో తెలిసికొను పద్ధతి నెరిగినవాడు. వైద్యుడైన పిమ్మట రోగి రొమ్మును అట్లే తట్టి, 1761లో తన గ్రంథమును ప్రకటించెను. సంతలో కుండను తట్టి కొను మన యిల్లాండ్రకు ఈ విద్య క్రొత్త కాదు. దాదాపు అర్ధశతాబ్దము ఉపేక్షింపబడిన యీ పద్ధతిని పారిస్‌లో కోర్విసార్ట్ ఆదరించెను. ఆయన శిష్యుడు లెనెక్ 1816లో స్టెతస్కోపును కల్పించెను. కుక్కను నిలువబెట్టి పైనుండి క్రిందికి తట్టుచు రండు. పైభాగమున ఖంగుమనును; చీము మట్టము వచ్చినచోట ఆ ధ్వని చప్పబడును. స్టెతస్కోపునకు ఆ మట్టమునకు పైన ఊపిరిధ్వని వినబడును; క్రింద గుండెచప్పుడు సైతము దూరమైనట్లు తోచును. ఈ రెండు సాక్ష్యములు కూడినచో రోగనిర్ణయము ముప్పాతిక వంతు ముగిసినట్లే.

ఇచ్చట నొక పొరపాటు తరచుగా ప్రాణాంతకమగును. ఎక్స్‌రే చక్కగా రావలెనని, ఊపిరాడక కూర్చున్న కుక్కను బలవంతముగా వెల్లకిల పండబెట్టినచో, మిగిలిన కొద్ది ఊపిరియు చీము క్రింద నణగి, ఆ బల్లపైననే అది మరణింపవచ్చును. సందేహము బలముగా నున్నచో సూది ముందు, ఎక్స్‌రే తరువాత. అల్ట్రాసౌండు యంత్రమున్నచో కుక్కను కూర్చున్నట్లే యుంచి చూడవచ్చును. ఆక్సిజనున్నచో ముఖమునకు దగ్గరగా నుంచవలెను. లేనిచో నిశ్శబ్దమును, నీడయు, కుక్కకు పరిచితుడైన మనిషి చేయియు నైన నుండవలెను.

సూది వేయు విధము కష్టమైనది కాదు. కుక్కకు 13 జతల ప్రక్కటెముకలు గలవు. కడపటి దానినుండి ముందునకు లెక్కించుట సులభము. 7వ లేక 8వ అంతరమున, రొమ్ము యెత్తులో క్రింది మూడవవంతున, వెండ్రుకలు గొరిగి, శుభ్రపరచి, లిగ్నొకెయిను ఇచ్చి, వెనుకనున్న యెముక ముందంచు నానుకొని సూదిని మెల్లగా దింపవలెను. ప్రతి యెముక వెనుకటి యంచున రక్తనాళములును నాడియు పోవుచుండును గనుక ఆ యంచు వర్జ్యము. సూదికి గొట్టమును, గొట్టమునకు మూడుదారుల మీటను, దానికి సిరంజిని తగిలించినచో బయటిగాలి లోనికి చొరదు.

వచ్చిన ద్రవమే తరువాతి పాఠమును చెప్పును. పాలవలె తెల్లనిదైనచో అది చీము కాక కొవ్వుతో గూడిన లింఫు కావచ్చును. నీటివలె తేటయైనచో గుండె, కాలేయములను విచారింపవలెను. గడ్డకట్టని రక్తమైనచో గాయమునో, ఎలుకలమందునో తలపవలెను. పచ్చగానో, బూడిదవన్నెగానో, ఎఱ్ఱమట్టినీరుగానో చిక్కగా వచ్చి, దుర్గంధము గొట్టినచో గాలి గిట్టని సూక్ష్మజీవులున్నవని నిశ్చయింపవచ్చును. దుర్గంధము లేనంతమాత్రమున అవి లేవనరాదు. పసుపువన్నె రేణువులు కనిపించినచో ఆక్టినోమైసిస్‌ను, దానితోపాటు గడ్డిముల్లును అనుమానింపుడు. ఒక్క చుక్కను గాజుపలకపై పూసి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూచినచో, శిథిలమైన తెల్లకణములును వాని గర్భమున సూక్ష్మజీవులును కనిపించును. మిగిలినదానిలో కొంత, గాలి లేకుండ మూసిన సిరంజిలో, మంచున బెట్టక, కల్చరు పరీక్షకు పంపవలెను. గాలి గిట్టని జీవులకును ప్రత్యేకముగా పరీక్షింపుడని వ్రాసి పంపుట మఱువరాదు. ఇది యంతయు మొదటి మోతాదు మందు పడకముందే జరిగిన మేలు. కాని ఫలితము వచ్చువరకు మందు నాపరాదు.

చికిత్సలో మొదటి మాట మార్గము. ఈ సత్యమును వైద్యలోకము ఎంత మూల్యము చెల్లించి నేర్చుకొనెనో స్మరించుట యుచితము. గ్రీకు వైద్యులు హిప్పోక్రటీసు కాలముననే రొమ్మును కోసి చీమును వెడలించిరి. జర్మనీలో బ్యూలావ్ అను వైద్యుడు నీటి మూత గల గొట్టముచే గాలి చొరకుండ చీమును దింపు పద్ధతిని 1891లో ప్రకటించెను. అయినను మొదటి ప్రపంచయుద్ధపు కడపటి సంవత్సరమున, అమెరికా సైనికశిబిరములలో ఇన్‌ఫ్లుయెంజా, పొంగు, న్యుమోనియాల వెనువెంట ఎంపయీమా ప్రబలినప్పుడు, తొందరపడి రొమ్మును తెఱచిన శస్త్రచికిత్సలచే ఎందరో యువకులు మరణించిరి. 1918లో నియుక్తమైన ఎంపయీమా కమిషనులో ఎవార్ట్స్ గ్రాహము, బెల్ అనువారు పరిశోధించి, తీవ్రావస్థలో రొమ్మును బాహాటముగా తెఱచినచో చొచ్చిన గాలి రెండు ఊపిరితిత్తులను అణచునని నిరూపించి, మూసిన మార్గమున చీమును దింపవలెననియు, రోగికి పుష్టికరమైన యాహార మీయవలెననియు నిర్ణయించిరి. ఆ నిర్ణయమునకు ఆధారములైన ప్రయోగములలో ముఖ్యమైనవి కుక్కలపై జరిగినవే. మనుష్యుల రొమ్ములను కాపాడిన యీ జ్ఞానమును కుక్కల రొమ్ములు ఇచ్చినవి. నేడు దానిని వానికి మఱల ఉపయోగించుట దయ యనుటకంటె ఋణము తీర్చుట యనుట న్యాయము.

సూదితో ఒకసారి తీసినది ప్రాణము నిలుపుటకు. రోగము కుదుర్చుటకు రొమ్ములో గొట్టము నిలుపవలెను. రెండు ప్రక్కలను చీమున్నచో రెండు గొట్టములు కావలసి రావచ్చును. నొప్పి తెలియకుండ మందులిచ్చి గొట్టమును అమర్చి, చీమును తోడిన పిమ్మట, దేహపు వెచ్చదనము గల సెలైనును కిలో బరువునకు 10 మొదలు 20 మిల్లీలీటర్ల చొప్పున మెల్లగా ఎక్కించి తిరిగి తీయవలెను. 20 కిలోల కుక్కకు ఒక పర్యాయమునకు 200 మొదలు 400 మిల్లీలీటర్లన్నమాట. దినమునకు రెండుమూడు సారులు ఇట్లు కడుగుచు, ఎక్కించినదానిలో కనీసము ముప్పాతిక వంతు తిరిగి వచ్చుచున్నదా యని లెక్క వ్రాయవలెను. రానిచో లోపల గొట్టము మూసికొనినదో, చీము అరలుగా గడ్డకట్టినదో విచారింపవలెను. దినదినమును వచ్చు ద్రవము తగ్గి, తేటయై, సూక్ష్మదర్శినిలో జీవులు కనిపింపనప్పుడు గొట్టమును తీయవచ్చును; దీనికి తరచుగా వారము పట్టును. ఈ వారము గొట్టమును కుక్క కొరకకుండ కంఠమునకు పట్టీ కట్టుటయు, రాత్రింబవళ్లు ఎవరో యొకరు కనిపెట్టియుండుటయు చికిత్సలో భాగములే.

రెండవ మాట మందు. అంటురోగములను గూర్చిన అంతర్జాతీయ పశువైద్యసంఘము వారు 2017లో ప్రకటించిన సూచనల ప్రకారము, కల్చరు ఫలితము వచ్చువరకు పెన్సిలిన్ జాతి మందునుగాని క్లిండమైసినునుగాని, దానితోపాటు ఎన్‌రోఫ్లాక్ససిన్ వంటి మందును కలిపి ఆరంభింపవలెను. ఎదుగుచున్న పిల్లలకు ఎన్‌రోఫ్లాక్ససిన్ కీళ్ల మృదులాస్థికి చెఱుపు చేయును గనుక అచ్చట జాగ్రత్త వలయును. నోకార్డియా యని తేలినచో సల్ఫా ట్రైమెథోప్రిమ్ శరణ్యము. మన పల్లె చికిత్సలలో తరచుగా వాడబడు జెంటామైసినును ఒంటరిగా ఇచ్చుట నిరర్థకము. ఆ మందు సూక్ష్మజీవి దేహములోనికి చొరవలెనన్నచో ఆక్సిజను కావలయును, చీముగుంటలో నది లేదు. 1948లో లెడర్లే ప్రయోగశాలనుండి లోకమునకు వచ్చిన ఆరియోమైసిన్ మొదలు టెట్రాసైక్లినుల కుటుంబమంతయు, ఆ పరిశోధనకు నాయకత్వము వహించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి దీక్షకు కొంత ఋణపడియున్నది. పెన్సిలిన్ సరిపడని కుక్కలలో ఆక్టినోమైసిస్‌ను ఎదుర్కొనుటకు అవి నేటికిని పనికివచ్చును. ఏ మందైనను కనీసము 3 వారములు, తరచుగా 4 మొదలు 6 వారములు ఇచ్చి, నడుమను చివరను ఎక్స్‌రే తీసి చూచి మానవలెను. నాలుగవ దినమున కుక్క లేచి తోక యాడించినదని మందు మానిన యజమాని, నెల తిరుగకమున్నే అదే రోగముతో మఱల వచ్చును.

చేయరాని పనులును కొన్ని గలవు. ఆయాసము కనబడగనే స్టెరాయిడు సూది వేయుట చీమునకు మేలు, కుక్కకు కీడు. గుండెజబ్బునకు నీరు తగ్గించు సూది చీమును తగ్గింపదు. ఎండిన దేహమును మఱింత యెండించును. జ్వరమునకని మనుష్యుల ఐబుప్రొఫేను, డైక్లోఫినాక్, పారాసిటమాల్ బిళ్లలను తోచినంత వేయుట కడుపునకును, మూత్రపిండములకును, కాలేయమునకును అపాయకరము. నోటిలో బలవంతముగా కషాయము పోసినచో అది ఊపిరితిత్తులలోనికి దిగి రెండవ రోగమగును.

మందును మార్గమును కల్పించినను కొన్ని దినములలో తగ్గనిచో, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి యొక్క యొక భాగము గట్టిపడి కనిపించినచో, గడ్డిముల్లో, ఎముకయో, చీముగడ్డయో లోపలనున్నదని బలమైన సందేహము గలిగినచో, రొమ్మును తెఱచి ఆ దోషమును తొలగించుట తప్పదు. అట్టి కుక్కలను పెద్ద వైద్యశాలలకు పంపవలెను. 1955లో స్థాపితమై 2005నుండి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమున భాగమైన తిరుపతి కళాశాలయు, హిందూపురపు వారికి దగ్గరియైన బెంగళూరు హెబ్బాళ కళాశాలయు మనకు దిక్కులు. కాని ప్రయాణమునకు ముందే చీమును తోడి పంపవలెను. లేనిచో కుక్క దారిలోనే మరణింపగలదు.

మొదటి రెండుమూడు దినములు గడచి బ్రతికిన కుక్కలలో పెక్కు పూర్తిగా కోలుకొని మఱల పనిలోనికి పోవును. ఈ మాటను నేను బలముగా చెప్పుచున్నాను. ఏలయన నిరాశయే ఈ రోగమునకు మన సీమలో మొదటి సహాయకుడు. బరువు తగ్గి యెముకలు తేలిన కుక్కను చూచి ఇది యిక దక్కదని తీర్పు చెప్పుట సులభము. ఆ కృశత్వము చీము వలననే వచ్చినదనియు, చీము పోగనే ఆకలి తిరిగి వచ్చుననియు గ్రహించుటకు కొంత చదువును కొంత యనుభవమును కావలెను.

నివారణ విషయమున ఎక్కువ చెప్పుట అక్కరలేదు. ముల్లుగడ్డి పండిన నెలలలో సాయంకాలము మంద మరలిన పిమ్మట కుక్క మూతి, చెవులు, చంకలు, వ్రేళ్లసందులు తడవి చూచుట. రొమ్ముపై కాటుపడినచో చిన్నదని యుపేక్షింపక ఆ దినముననే చూపుట. ఉడికిన యెముకలు వేయకుండుట. పురుగులకు వైద్యుని సలహాపై మందు వేయించుట. ఏటేట రేబిస్ టీకా. ఇంతే.

పశువైద్య సోదరులకు నా విన్నపము ఒకటి గలదు. 1962 అను సంఖ్యకు ఫోను చేసిన పల్లెకు వచ్చు సంచారవాహనములును, మండలములలోని పశువైద్యశాలలును ప్రధానముగా గోవులకును గొఱ్ఱెలకును ఏర్పడినవే; వానియందు కుక్కరొమ్మున సూది వేయు సరంజామ విడిగా నుంచుట అరుదు. అట్టి సరంజామ పెద్దది కాదు: వెడల్పైన సూదులు రెండు, గొట్టము, మూడుదారుల మీట, 50 మిల్లీలీటర్ల సిరంజి, లిగ్నొకెయిను, సెలైను, నాలుగు గాజుపలకలు, మూత గల శుద్ధమైన సీసా. వీని నొక డబ్బాలో నమర్చి, మూతపై 7వ, 8వ అంతరముల చిత్రమును గీసి, ప్రతి వైద్యశాలలో కంటికి కనబడుచోట నుంచుడు. ఖర్చు ఒక గొఱ్ఱెపొట్టేలు విలువలో స్వల్పాంశము. కాపాడునది మందను కాచు ప్రాణమును, దానివెనుక నున్న మందను.

విద్యార్థులారా, రోగనిర్ణయ యంత్రములు మీ తరములో ఇంకను పెరుగును. వానిని నేర్వుడు, గౌరవింపుడు. కాని విద్యుత్తు లేని రాత్రి, తారురోడ్డు లేని పల్లెలో, డొక్కలెగరవేయుచు మీ యెదుట కూర్చున్న కుక్కకు మీ వ్రేళ్లును చెవులును తప్ప మఱి దిక్కుండదు. వాని విద్యను పరీక్షకు ముందు దినమున కాదు, ఆరోగ్యముగల వంద కుక్కల రొమ్ములను తట్టి, విని, లెక్కించి అభ్యసింపుడు. ఆరోగ్యపు ధ్వనిని ఎరిగినవానికే రోగధ్వని తెలియును. ఈ నిధికి మూలపురుషుడైన వైద్యుడు ఏ సిద్ధాంతమునకై పాటుపడెనో, దాని నింతకంటె సేవించు మార్గము నాకు తోచదు.